ఇచ్చిన హక్కూ, గెలిచిన హక్కూ

కొంతకాలం క్రితం విద్యార్థులు ఏర్పాటు చేసుకున్న ఒక అధ్యయన తరగతిలో నేను ఈజిప్టు గురించి మాట్లాడవలసి వచ్చింది. 1952 విప్లవం, భూసంస్కరణలు, సూయజ్ కాలువ జాతీయకరణ, ఆస్వాన్ ఆనకట్ట వరసగా చెప్పాను. తరవాత జైళ్ళ సంగతీ, ఉరికొయ్యల సంగతీ కూడా చెప్పాను. చివర ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, అంతా బాగానే వుంది. ఇంతకీ నాసర్ చేసింది మంచా, చెడా?" అని అడిగాడు.

మనవాళ్ళందరూ చెప్పే జవాబే నేనూ చెప్పాను. మనుషుల్ని మంచీ చెడూ అని తూచకూడదన్నాను. చారిత్రక పరిస్థితుల్లో పెట్టి చూడాలన్నాను. బేరీజు వేస్తే అభ్యుదయం పాలే ఎక్కువ తేలుతుందన్నాను. కుర్రవాడు కూచున్నాడు. కాని నా జవాబు అతనికి రుచించలేదని అతని మొహమే చెపుతున్నది. ఇంటికి తిరిగివస్తూ ఆలోచిస్తే అది నాకూ రుచించలేదు. చారిత్రకంగా చూడాలన్నమాట చాలా విలువైన మాట. అయితే ఇబ్బందికరమైన ప్రశ్న ఎదురైనప్పుడల్లా మనం దాన్ని దొడ్డిదారిగా వాడుకుంటున్నాం.

ఆ కుర్రవాడి ప్రశ్నను నేను ఇట్లా అర్థం చేసుకున్నాను: ఒక ప్రభుత్వం ప్రజలకు నిజంగానే మేలు చేసింది. ఆ మేలును గురించి నోరెత్తే హక్కు మాత్రం ప్రజలకు లేకుండా చేసింది. అటువంటి ప్రభుత్వాన్ని మనం ఏమనాలి? ఇది రాజకీయ ప్రశ్న మాత్రమే కాదు, నీతికి సంబంధించిన ప్రశ్న. నీతి అనే మాట మనలో చాలామందికి వెగటు. నీతి అంతా వర్గనీతే అని ఒక్కమాటతో తేల్చేస్తాం. సరే, వర్గనీతే అనుకుందాం. అప్పుడు కూడా ఏ వర్గపు నీతి అనే ప్రశ్న మిగిలే వుంటుంది గదా!

1952కు పూర్వం ఈజిప్టు ఎట్లా వుండేదో ముందు చూడాలి. అక్కడ సాగయ్యే భూమి దాదాపు అంతా నైలు లోయలోనూ, డెల్టాలోనూ వుంది. మిగిలింది ఎడారి. ఆ కాస్త భూమిలో అయిదోవంతు సుమారు రెండువేలమంది భూస్వాముల చేతుల్లో వుండేది. రాజకుటుంబం అందరిలోకీ పెద్ద భూస్వామి. భూమి గలవాళ్ళలోనే నూటికి తొంభై నలుగురికి తలా అయిదు ఫెద్దాన్లు కూడా లేవు. ఫెద్దాన్ అంటే మన ఎకరం కన్న రవ్వంత ఎక్కువ. సెంటు భూమి కూడా లేని కూలీలు వీళ్ళు గాక వేరే. కాలువ ప్రాంతంలో బ్రిటిషు సైన్యం తిష్ఠ వేసుకుని వుండేది. పార్లమెంటు వుండేది, ఎన్నికలు జరిగేవి. కాని భూపరిమితి ప్రతిపాదన ఆ పార్లమెంటులో వచ్చినప్పుడు వీగిపోయింది. భూస్వాములు కూచున్న సభలో అది వీగిపోక ఏమవుతుంది?

1952 జులై 23న సైనికాధికారులు అధికారం చేజిక్కించుకున్నారు. మూడు రోజులకు రాజు ఫరూక్ ఓడ ఎక్కి దేశం విడిచిపోయాడు. ప్రజలు వీధుల్లోకి వచ్చి పండగ చేసుకున్నారు. చేసుకోవలసిందే.

ఇక ఆ తరవాతి ఏడు వారాలను కొంచెం నిదానంగా చూడాలి. నా మట్టుకు నాకు, ఈ వ్యాసానికి కావలసిందంతా ఆ ఏడు వారాల్లోనే వుంది.

అలెగ్జాండ్రియాకు దగ్గరలో కఫ్ర్ అల్ దవ్వార్ అనే వూళ్ళో పెద్ద బట్టలమిల్లు వుంది. ఆగస్టు 12, 13 తేదీల్లో అక్కడి కార్మికులు సమ్మె చేశారు. తమ సంఘం యాజమాన్యం గుప్పిట్లో వుండకూడదనీ, తమను వేధించే అధికారులను తొలగించాలనీ, జీతాలు పెంచాలనీ అడిగారు. ఇక్కడ మనం మరిచిపోకూడని సంగతి ఒకటి వుంది. ఆ కార్మికులు సైనికోద్యమానికి జేజేలు కొడుతూ సమ్మె చేశారు. విప్లవం వచ్చింది, అది మనదే, ఇక మన మాట వినేవాళ్ళున్నారనే నమ్మకంతోనే వాళ్ళు గేటు దాటి వచ్చారు. సైన్యం వచ్చింది. కాల్పులు జరిగాయి. కార్మికులూ చచ్చిపోయారు, సైనికులూ చచ్చిపోయారు. ఆ మిల్లు ఆవరణలోనే సైనిక న్యాయస్థానం పెట్టి హడావిడిగా విచారణ జరిపారు. ముస్తఫా ఖమీస్, మహమ్మద్ అల్ బకరీ అనే ఇద్దరు కార్మికులకు ఉరిశిక్ష వేసి, సెప్టెంబరు 7న ఉరి తీశారు.

సెప్టెంబరు 9న భూసంస్కరణ చట్టం వచ్చింది.

మధ్య రెండే రోజులు. భూపరిమితికి అడ్డుపడుతున్న ప్రధాని అలీ మాహెర్ దిగిపోయింది కూడా ఆ 7వ తారీఖునే. అంటే ఒకే చెయ్యి ఒకే వారంలో భూస్వాముల మనిషిని గద్దె దించింది, ఇద్దరు కార్మికులను ఉరి తీసింది, రైతుకు భూమి పంచే చట్టం రాసింది. ఈ మూడు పనుల్లో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది, ఒకటి మధ్యస్థం అని విడివిడిగా మార్కులు వేయటానికి లేదు. అవి మూడూ కలిసి ఒకే మాట చెపుతున్నాయి: "మీకు కావలసింది మేము ఇస్తాం. మీరు మాత్రం అడక్కండి."

చట్టం తేలికైన చట్టమేమీ కాదు. ఒక్కొక్క మనిషికి రెండువందల ఫెద్దాన్ల పరిమితి పెట్టారు. 1961లో దాన్ని వందకూ, 1969లో యాభైకీ తగ్గించారు. స్వాధీనం చేసుకున్న భూమిని రెండు నుంచి అయిదు ఫెద్దాన్ల చొప్పున రైతులకు పంచి, వాయిదాల మీద ధర వసూలు చేశారు. అన్నీ కలిపినా చేతులు మారింది సాగుభూమిలో సుమారు ఎనిమిదోవంతే. అయితే అంతకన్న ఎక్కువమందికి తగిలిన మేలు మరొకటి వుంది. కౌలు భూమిశిస్తుకు ఏడు రెట్లు మించకూడదని కట్టడి చేశారు. కౌలుదారును ఇష్టం వచ్చినప్పుడు వెళ్ళగొట్టటానికి వీల్లేకుండా చేశారు. తండ్రి చేసిన కౌలు కొడుక్కి వచ్చేది. ఏటేటా భూస్వామి గుమ్మం ముందు చేతులు కట్టుకు నిలబడవలసిన అవసరం లక్షల కుటుంబాలకు తప్పింది. దీన్ని బూర్జువా సంస్కరణ అని పెదవి విరిచే తీరిక మనకుంటుంది, కౌలుకు దున్నేవాడికి వుండదు.

కాని అదే చట్టంలో కూలీల మాట కూడా వుంది. వ్యవసాయ కూలీకి కనీస వేతనం నిర్ణయించారు. కూలీలు సంఘాలు పెట్టుకోవచ్చునని కూడా రాశారు. ఆ సెక్షన్లకు ఏమి గతి పట్టింది? పరిమితి సెక్షన్లను అమలు జరపటానికి సర్కారు యంత్రాంగం వుంది. కనీస వేతనాన్ని అమలు జరపటానికి కూలీల సంఘమే కావాలి. సంఘాలను సర్కారు ఎదగనివ్వలేదు. కాబట్టి ఆ వేతనం కాగితం మీదే వుండిపోయింది. భూమి పొందిన రైతులకు సహకార సంఘం వుంది, అందులో చేరటం విధి. కాని అందులో ఏ పొలంలో ఎప్పుడు పత్తి వెయ్యాలో, పంట ఎక్కడ అమ్మాలో చెప్పేవాడు సర్కారు నియమించిన అధికారి. చట్టంలో పైనుంచి అమలయ్యే భాగం అమలయింది. కింది నుంచి అమలు కావలసిన భాగం చచ్చిపోయింది. ఇది నా వాదానికి మొదటి రుజువు.

మిగతా కథ పాఠకులకు చాలావరకు తెలిసిందే. 1956 జులై 26న నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. ఆ యేడే బ్రిటనూ, ఫ్రాన్సూ, ఇజ్రాయెలూ కలిసి ఈజిప్టు మీద పడ్డాయి, ఆఖరుకు వెనక్కి పోవలసి వచ్చింది. 1960లో ఆస్వాన్ ఆనకట్ట పని మొదలయింది. 1961లో బాంకులు, బీమా, పెద్ద పరిశ్రమలు జాతీయమయినాయి. లాభాల్లో నాలుగోవంతు కార్మికులదన్నారు. 1962లో కాలేజీ చదువుకు ఫీజు తీసేశారు. ప్రజాప్రతినిధుల సభల్లో సగం స్థానాలు కార్మికులకూ, రైతులకూ కేటాయించారు. ఇందులో ఏ ఒక్కటీ చిన్నది కాదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఆస్వాన్ ఆనకట్టకు సోవియట్ యూనియన్ సహాయం ఖాయమయింది 1958 డిసెంబరులో. ఈజిప్టు కమ్యూనిస్టుల అరెస్టులు మొదలయింది 1959 జనవరి 1న. ఒప్పందం మీద సంతకాల సిరా ఆరీ ఆరకముందే జైలు తలుపులు తెరుచుకున్నాయి. ఎడారి జైళ్ళలో వాళ్ళచేత రాళ్ళు కొట్టించారు. షుహ్దీ అతియ్యా అనే మార్క్సిస్టు మేధావిని 1960 జూన్‌లో అబూ జాబల్ జైలులో కొట్టి చంపారు. అతను నాసర్ జాతీయ విధానాన్ని సమర్థించే వర్గానికి చెందినవాడే. శత్రువు కాడు, మిత్రుడు. కఫ్ర్ అల్ దవ్వార్ కార్మికులు జేజేలు కొడుతూ చచ్చారు, ఇతనూ అట్లాగే చచ్చాడు.

1964లో మిగిలినవాళ్ళను వదిలిపెట్టారు. 1965లో ఈజిప్టు కమ్యూనిస్టు పార్టీ తనంత తాను రద్దయింది. దేశంలో సోషలిజం సర్కారే నిర్మిస్తున్నప్పుడు వేరే పార్టీ ఎందుకని వాదించారు. ఆనాడు జైలు నుంచి బయటికి వచ్చినవాళ్ళలో సొనల్లా ఇబ్రహీం అనే రచయిత ఒకడు. 1966లో అతను 'ఆ వాసన' అనే చిన్న నవల రాస్తే అచ్చయిన వెంటనే జప్తు చేశారు. అందులో జైలు నుంచి విడుదలైన మనిషి ప్రతి సాయంత్రం చీకటి పడేవేళకు గదికి చేరుకోవాలి. పోలీసు వచ్చి అతని పుస్తకంలో సంతకం పెట్టి పోతాడు. సోషలిస్టు నిర్మాణం గురించి ఆనాడు వెలువడిన లావుపాటి నివేదికల్లో లేని నిజం ఆ సంతకంలో వుంది.

నాకు పాఠాలు చెప్పిన పెద్దలు ఆస్వాన్ ఆనకట్ట గురించి గంటలకొద్దీ చెప్పేవారు. దాని ఎత్తెంతో, ఎంత భూమి తడిసిందో, ఎంత కరెంటు వచ్చిందో అంకెలతో సహా చెప్పేవారు. ఆ జైళ్ళ గురించి ఒక్క మాట చెప్పలేదు. వాళ్ళకు తెలియక కాదు. చెపితే సామ్రాజ్యవాదులకు ఆయుధం ఇచ్చినట్టవుతుందని. నేను కూడా చాలా ఏళ్ళు అదే పని చేశాను. అందుకే ఈ మాట పరుల తప్పు ఎత్తి చూపటానికి అనటం లేదు.

నాసర్ తరఫున చెప్పే వాదాలు మూడు. మూడింటినీ న్యాయంగా విచారించాలి.

మొదటిది: దేశం ముట్టడిలో వుంది, అటువంటప్పుడు సంఘాలకూ సమ్మెలకూ తావెక్కడిది? ముట్టడి నిజం. 1956 దాడి కట్టుకథ కాదు. కాని ఆ దాడి వచ్చినప్పుడు పోర్ట్ సయీద్‌లో ఆయుధాలు పట్టి పోరాడినవాళ్ళలో మామూలు జనమూ, కమ్యూనిస్టులూ వున్నారు. ముట్టడిలో ప్రజల చేతికి తుపాకి ఇవ్వవచ్చుగాని సంఘం ఇవ్వకూడదనటం ఏ తర్కం? అదీగాక, ఖమీస్‌ను ఉరి తీసినప్పుడు ఏ సైన్యమూ దండెత్తి రాలేదు.

రెండవది: అంతకుముందున్న ప్రజాస్వామ్యం భూస్వాముల ప్రజాస్వామ్యం, అది పోతే ఏమి నష్టం? నిజమే, పార్టీలన్నిటినీ రద్దు చేసినప్పుడు ఎక్కువమంది కన్నీరు కార్చలేదు. అయితే భూస్వాముల ప్రజాస్వామ్యం పోవటం ఒకటి, కార్మికుల ప్రజాస్వామ్యం రాకుండా చెయ్యటం ఒకటి. ఒకదాని పేరు చెప్పి రెండోది చేశారు. 1957లో ఏర్పడిన కార్మిక సంఘాల సమాఖ్య సర్కారు చెప్పుచేతల్లోనే బతికింది.

మూడవది అన్నిటికన్న బలమైన వాదం: ఆకలిగొన్నవాడికి ముందు అన్నం కావాలి, స్వేచ్ఛ తరవాత చూసుకోవచ్చు. దీన్ని తేలిగ్గా కొట్టెయ్యటానికి నాకు మనసొప్పదు. కడుపు నిండినవాడు స్వేచ్ఛను గురించి చెప్పే నీతులు ఆకలిగొన్నవాడికి వెటకారంగా వినిపిస్తాయి. మూడు ఫెద్దాన్లు చేతికొచ్చిన రైతును, నీకు భూమి వచ్చిన పద్ధతి సరైంది కాదు నాయనా, అని ఎవరు అనగలరు? నేననను.

నేననేదల్లా ఇది. అన్నం ముందా స్వేచ్ఛ ముందా అన్న ప్రశ్నలోనే ఒక మోసం వుంది. స్వేచ్ఛ అన్నం తిన్నాక వేసుకునే తాంబూలమని అది ముందుగానే ఒప్పుకుంటున్నది. కూలివాడికి స్వేచ్ఛ అంటే ఏమిటి? సంఘం పెట్టుకోవటం, సమ్మె చెయ్యటం, అధికారి అన్యాయం చేస్తే అన్యాయమని అనగలగటం. ఇవి అన్నం తరవాతివి కావు. వచ్చిన అన్నం విస్తట్లో నిలబడాలంటే కావలసినవి ఇవే. ఇవి లేకపోతే ఏమవుతుందో ఈజిప్టు చరిత్రే చెప్పింది.

1970 సెప్టెంబరు 28న నాసర్ చనిపోయాడు. అంత్యక్రియలకు లక్షోపలక్షల జనం కదిలివచ్చారు. ఆ దుఃఖం కపటం కాదు. అధికారంలోకి వచ్చినవాడు అన్వర్ సాదాత్. ఇతనూ ఆ సైనికాధికారుల్లో ఒకడే. 1971 మే నెలలో తన ప్రత్యర్థులను జైల్లో పెట్టాడు. 1974లో విదేశీ పెట్టుబడికి తలుపులు తెరిచాడు. సోషలిస్టు రాజ్యాన్ని ఒక్కొక్క ఇటుకే ఊడదీస్తూ వుంటే ఆపటానికి ఎవరున్నారు? కమ్యూనిస్టు పార్టీ తనంత తాను రద్దయింది. కార్మిక సమాఖ్య ఎప్పుడూ సర్కారుదే, ఇప్పుడు ఈ సర్కారుది. సోషలిస్టు యూనియన్ పేరుతో లక్షలమంది సభ్యులున్న పార్టీ కూడా సర్కారుదే. దాత మారగానే దానం వెనక్కి పోవటం మొదలయింది.

1977 జనవరిలో, అంతర్జాతీయ ద్రవ్యనిధి ఒత్తిడి మీద రొట్టె, పంచదార వంటి సరుకుల మీద సబ్సిడీలు కోస్తే, 18, 19 తేదీల్లో జనం దేశమంతటా వీధుల్లోకి వచ్చారు. డెబ్భైమందికి పైగా చచ్చిపోయారు. సాదాత్ దాన్ని దొంగల తిరుగుబాటు అన్నాడు. అని, పెంచిన ధరలు రద్దు చేశాడు! అడక్కుండా ఇచ్చేవాళ్ళ పాలన మొదలైన పాతికేళ్ళకు జనం అడిగి సాధించిన పెద్ద విజయం ఇది.

పట్టణంలో జనం ఆ విధంగా వీధిలోకి రాగలిగారు. పల్లెటూళ్ళో అదీ సాధ్యం కాలేదు. 1991లో ముబారక్ ప్రభుత్వం ద్రవ్యనిధి, ప్రపంచ బాంకుల కార్యక్రమానికి ఒప్పుకుంది. 1992లో 96వ నంబరు చట్టం వచ్చింది. ఏడు రెట్ల కౌలును వెంటనే ఇరవై రెండు రెట్లు చేశారు. అయిదేళ్ళు గడువు పెట్టి, 1997 అక్టోబరు నుంచి కౌలు భూస్వామి ఇష్టమన్నారు. కావాలంటే కౌలుదారును లేవగొట్టవచ్చునన్నారు. తొమ్మిది పది లక్షలమంది కౌలుదార్ల బతుకు మీద దెబ్బ పడింది. నలభై అయిదేళ్ళుగా తాతతండ్రుల నుంచి దున్నుకుంటున్న పొలం నుంచి దిగిపోవలసి వచ్చింది. కొన్ని వూళ్ళలో తిరగబడ్డారు. పోలీసులు వచ్చారు. చావులూ, అరెస్టులూ జరిగాయి. అంతటితో అయిపోయింది.

ఇందులో అందరూ గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి వుంది. ఈ చట్టం ప్యాసు చేసిన పార్లమెంటులో సగం స్థానాలు కార్మికులవీ, రైతులవీ! నాసర్ పెట్టిన ఆ నియమం రాజ్యాంగంలో అప్పటికీ భద్రంగా వుంది. రైతుల పేరు మీద కూచున్నవాళ్ళే రైతు మెడకు తాడు బిగించటానికి చేతులెత్తారు. రైతుకు సంఘం లేనప్పుడు రైతు ప్రతినిధి ఎవరికి జవాబుదారీ? తనకు టిక్కెట్టు ఇచ్చినవాడికే.

నాసర్ రైతుకు ఇల్లిచ్చి తాళంచెవి తన దగ్గరే పెట్టుకున్నాడు. తాను బతికివున్నంత కాలం ఆ తాళం వెయ్యలేదు. కాని ఆ చెవి ఎవరి చేతికి పోతుందో ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు ఆ మొదటి సంగతికి తిరిగి వస్తాను. ఆ భూమి నిజంగా సైనికాధికారుల దానమేనా? 1951లో డెల్టాలోని బుహూత్ అనే వూళ్ళో రైతులు బద్రావీ వంశపు భూస్వాముల మీద తిరగబడ్డారు. ఇంకా ఇతర ఎస్టేట్లలోనూ అలజడి లేచింది. అబ్దుల్ రహమాన్ షర్కావీ 1954లో రాసిన 'భూమి' నవలలో 1930ల నాటి రైతులే నీళ్ళ కోసం, పొలం కోసం సర్కారుతో కలియబడతారు. ఈజిప్టు రైతు నోరులేనివాడనేది పట్నంవాళ్ళు అల్లిన కథ. భూసంస్కరణ గనక పైనుంచి రాకపోతే కింది నుంచి వచ్చేట్టుందన్న భయం 1952 నాటికి పాలకులకు బాగా తెలుసు. అంటే రైతు గెలుచుకోబోతున్నదాన్ని ముందుగా లాక్కుని, దానానికి ధారపోసినట్టు అతని చేతిలో పోశారు. వస్తువు అదే, పేరు మారింది.

పేరు మారితే ఏమిటంటారా? పేరులోనే వుంది. హక్కయితే మనిషి నిటారుగా నిలబడి పుచ్చుకుంటాడు. దానమయితే వంగి పుచ్చుకుంటాడు. హక్కు తగ్గితే దెబ్బలాడతాడు. దానం తగ్గితే ఏమీ అనలేడు. అడిగితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టే. కృతజ్ఞత ఇద్దరు మనుషుల మధ్య ఎంతో అందమైన గుణం. పాలకుడికీ ప్రజలకూ మధ్య అది సంకెల.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. గెలిచిన హక్కు మాత్రం నిలిచిందా? తెలంగాణాలో రైతులు సంఘాలు పెట్టుకుని, ప్రాణాలు ధారపోసి దొరల భూమి పంచుకున్నారు. ఒక వూరికి కాదు, వందల వూళ్ళకు ఆ గాలి తగిలింది. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చాక చాలాచోట్ల దొరలు తిరిగివచ్చారు, పంచిన భూమిలో చాలా భాగం పోయింది. మరి గెలిచినదానికీ ఇచ్చినదానికీ తేడా ఏమిటి?

తేడా వుంది. గెలిచినది పోదని నేనటం లేదు. బలం తక్కువయితే అదీ పోతుంది. కాని తెలంగాణాలో భూమి పోయినప్పుడు కూడా పోరాటం చేసిన మనిషి మిగిలాడు. ఎట్లా పోట్లాడాలో తెలిసినవాడు, వెట్టి ఇక చెయ్యనన్నవాడు, పిల్లలకు ఆ కథ చెప్పేవాడు మిగిలాడు. 1950లో హైదరాబాదు కౌల్దారీ చట్టం వచ్చిందంటే ఆ మనిషిని చూసే వచ్చింది. ఈజిప్టులో భూమి పోయిన 1997లో మిగిలింది పాత పటం. గోడమీద నాసర్ నవ్వుతూనే వున్నాడు, కింద కౌలుదారు కోర్టు నోటీసు పట్టుకుని కూచున్నాడు.

అయితే ఈజిప్టు కార్మికుడు ఎల్లకాలం ఎదురు చూస్తూ కూచోలేదు. 2006 డిసెంబరులో మహల్లాలోని ప్రభుత్వ బట్టలమిల్లులో ఇరవై వేలమందికి పైగా సమ్మె చేశారు. ముందు పని ఆపింది ఆడవాళ్ళు. 2009లో ఇంటిపన్ను వసూలు చేసే ఉద్యోగులు సర్కారు సమాఖ్య నుంచి బయటికి వచ్చి సొంత సంఘం నమోదు చేయించుకున్నారు. ఏభై ఏళ్ళలో అటువంటి సంఘం అదే మొదటిది. 2011 జనవరి 25న జనం తహ్రీర్ చౌకులోకి వచ్చి "రొట్టె, స్వేచ్ఛ, సాంఘిక న్యాయం" అన్నప్పుడు దాని వెనక ఈ సమ్మెలన్నీ వున్నాయి. ఈజిప్టువాళ్ళు రొట్టెను 'అయిష్' అంటారు. ఆ మాటకు అసలు అర్థం బతుకు. మనం ఇన్నేళ్ళు విడదీసి, ఏది ముందు ఏది వెనక అని వాదించుకున్నవాటిని వాళ్ళు ఒకే గుక్కలో అడిగారు.

ఫిబ్రవరి 11న ముబారక్ దిగిపోయాడు. అధికారం తీసుకున్న సైనిక మండలి ఆ యేడే సమ్మెలను నేరం చేస్తూ శాసనం తెచ్చింది. 1952 నాటి పాఠం వాళ్ళు మరిచిపోలేదు, మరిచింది మనమే. ఎన్నికలు జరిగాయి, ముస్లిం బ్రదర్‌హుడ్‌కు చెందిన మొర్సీ అధ్యక్షుడయ్యాడు. బతుకు మారలేదు. 2013 జులై 3న సైన్యం అతన్ని దించినప్పుడు వీధుల్లో సీసీ బొమ్మ పక్కన నాసర్ బొమ్మ పెట్టి ఊరేగించారు. మళ్ళీ ఒక దాత వచ్చాడనుకున్నారు. కొత్త మంత్రివర్గంలో కార్మికమంత్రి ఎవరు? ఆ ఇంటిపన్ను ఉద్యోగుల సంఘాన్ని నిర్మించిన కమాల్ అబూ ఐతా! మంత్రి కాగానే అతను కార్మికులను సమ్మెలు కట్టిపెట్టి ఉత్పత్తి పెంచమన్నాడు. ఆ యేడే నిరసన ప్రదర్శనలను దాదాపు నిషేధించే చట్టం వచ్చింది. 2016లో ద్రవ్యనిధి నుంచి 1200 కోట్ల డాలర్ల అప్పుకు ఒప్పుకుని, పౌను విలువ వదిలేశారు. 2024 జూన్‌లో సబ్సిడీ రొట్టె ధర 5 పియాస్తర్ల నుంచి 20 పియాస్తర్లకు పెరిగింది. 1977లో కొద్దిపాటి పెంపుకు దేశం భగ్గుమంది. 2024లో నాలుగు రెట్లు పెరిగినా వీధి కదలలేదు. ఆకలి లేక కాదు. అడిగే గొంతులు జైళ్ళలో వున్నాయి, మిగిలినవాళ్ళు వాటిని చూసి జడిసి వున్నారు.

అబూ ఐతాను వెక్కిరించటానికి నేనీ సంగతి చెప్పలేదు. అతను పోరాడి వచ్చినవాడు. అయినా గద్దె మీద కూచోగానే "మీకు కావలసింది మేము చూస్తాం, మీరు అడక్కండి" అన్న పాత మాటే అతని నోట వచ్చింది. అంటే ఈ జబ్బు సైనికాధికారులది మాత్రమే కాదు. ప్రజల మేలు ప్రజలకన్న తమకే బాగా తెలుసునని నమ్మేవాళ్ళందరికీ వస్తుంది. అందులో మనమూ వున్నాం. విద్యార్థి సంఘంలో నాయకుడే తీర్మానం రాసుకొచ్చి చేతులెత్తమంటాడు. ఉపాధ్యాయ సంఘంలో అడిగినవాడు చీలిక తెస్తున్నాడంటాం. ఎక్కడో కఫ్ర్ అల్ దవ్వార్‌లో ఉరికొయ్య నిలబెట్టినవాడి మనసులోనూ మొదట ఇంత చిన్న ఆలోచనే వుండివుంటుంది.

కనక ఆ కుర్రవాడికి నేను ఆనాడు చెప్పవలసిన జవాబు ఇది. నాసర్ రైతుకు భూమి ఇచ్చాడు, అది మంచి పని. దాన్ని కాపాడుకునే చేతులు విరగ్గొట్టాడు, అది చెడ్డ పని. ఈ రెంటినీ ఒక తక్కెడలో రెండు పళ్ళాలలో పెట్టి తూచటానికి లేదు, ఎందుకంటే రెండోది మొదటిదాన్నే తినేసింది. నలభై అయిదేళ్ళు పట్టింది గాని పూర్తిగా తినేసింది. ఒక విప్లవం ప్రజలకు ఏమి ఇచ్చిందని లెక్క కట్టండి, తప్పకుండా కట్టండి. కట్టి, ఇంకొక ప్రశ్న కూడా వెయ్యండి: ఇచ్చినవాడు పోయాక దాన్ని పట్టుకుని నిలబడటానికి అది ఎవరిని మిగిల్చింది?

ఖమీస్, బకరీ అడిగింది కూడా తమ సంఘం తమది కావాలనే. వాళ్ళకు ఆ జవాబు చెప్పవలసిన రోజున ఉరితాడు చెప్పింది. రేపు మన చేతికి అధికారం వస్తే మన గేటు ముందు కూడా ఎవరో ఒకరు జేజేలు కొడుతూనే సమ్మె చేస్తారు. వాళ్ళకు మనం ఏమి చెపుతామో ఇప్పుడే, అధికారం లేనప్పుడే, తేల్చుకోవటం మంచిది.